వెన్నుపాము దెబ్బ తర్వాత కాళ్ళు బిగుసుకుపోవడం: బిళ్ళ పెంచే ముందు ఏం చూడాలి?

సోంపేట_కోడలు

అందరికీ నమస్కారం. మా ఆయన నిరుడు కొబ్బరిచెట్టు మీంచి పడ్డారు. డి10 దగ్గర, అంటే వీపు పూసల్లో పదోది, విరిగి వెన్నుపాము నలిగిందన్నారు. విశాఖలో ఆపరేషను చేసి రాడ్లు వేశారు. నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. మొదట్లో కాళ్ళు పూర్తిగా మెత్తగా వాలిపోయి ఉండేవి. కొన్నాళ్ళకి బిగుసుకోవడం మొదలైంది. డాక్టరుగారు బాక్లోఫెన్ 10 మి.గ్రా. మూడు పూటలా రాశారు. దాంతో చాలావరకు కుదుటపడింది.

ఈ మధ్య మళ్ళీ బాగా ఎక్కువైంది. రాత్రి పడుకోబెడితే మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుపోతున్నాయి. చాపి పెడితే నిమిషం ఆగి మళ్ళీ అంతే. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు ఉన్నట్టుండి నిటారుగా బిగదీసుకుని ముందుకు జారిపోతున్నారు, మొన్న ఇద్దరం కలిసే పడబోయాం. ఫుట్‌రెస్ట్ మీద పాదం పెడితే మడమ టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది.

ఊళ్ళో ఆర్ఎంపీ గారు ఇంకో బిళ్ళ పెంచండి, నొప్పి ఇంజెక్షను కూడా వేస్తాను అంటున్నారు. మా అత్తగారు మాత్రం కాళ్ళు కదులుతున్నాయంటే నరాలు తిరిగొస్తున్నట్టే, బిళ్ళలు ఆపెయ్ అంటున్నారు. విశాఖలో చూపించుకోడానికి ఇంకా టైముంది. పెంచమంటారా, ఆపమంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి_చక్రం

అమ్మా, ఇప్పటికిప్పుడు ఆ రెండూ చెయ్యకండి. నాది డి5. హైవే మీద చిలకపాలెం దగ్గర బైకు ప్రమాదం. చాలా ఏళ్ళుగా కుర్చీలోనే ఉన్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను.

బిళ్ళ అదే, డోసు అదే. అయినా బిగువు ఉన్నట్టుండి పెరిగిందంటే ఒంట్లో ఎక్కడో ఏదో తేడా వచ్చిందని అర్థం. మీ ఆయనకి నడుము కింద నొప్పి తెలియదు కదా. కాలికి ముల్లు దిగినా, మూత్రసంచి నిండిపోయినా ఆయనకి తెలియదు. కానీ ఆ కబురు వెన్నుపాము దాకా వెళ్తూనే ఉంటుంది, అది కాళ్ళని బిగించేస్తుంది. అందుకే నా కాళ్ళు ఎక్కువగా ఎగిరిపడిన రోజు నేను బిళ్ళల డబ్బా జోలికి పోను. ముందు ఒళ్ళంతా వెతుక్కుంటాను.

మూత్రంతో మొదలుపెట్టండి. గొట్టం పెట్టే ఉంచారా, లేక గంటల లెక్కన తీస్తున్నారా? మడ్డిగా ఉందా, వాసనొస్తోందా, ఒళ్ళు వెచ్చగా ఉందా? తర్వాత మోషన్ సరిగ్గా అయి ఎన్నాళ్ళయింది? ఆ తర్వాత బట్టలు తీసేసి వెలుతురులో చర్మం చూడండి: పిరుదుల ఎముకలు, నడుము కింద తోక ఎముక, తుంటి పక్కలు, మడమల వెనక. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. ఎరుపు పోకుండా అలాగే ఉంటే అది పుండుకి మొదలు. కాలి గోళ్ళు ఒక్కొక్కటీ చూడండి. ప్యాంటు మడత, వెనక జేబులో నాణెం, బిగుతు లోదుస్తు, వృషణాలు తొడ కింద నలగడం, ఇలాంటి చిన్న కారణాలకే నాకు రోజంతా కాళ్ళు ఆడిన సందర్భాలున్నాయి.

రెండు కాళ్ళూ ఒకే లావులో ఉన్నాయా అన్నది కూడా చూడండి. ఒక కాలే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, లోపల ఎముక విరిగి కూడా ఉండొచ్చు. అలా ఉంటే మాత్రం ఇక్కడ జవాబుల కోసం చూడొద్దు. కాలు మర్దనా చెయ్యకుండా, చాపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఫిజియో_కంటోన్మెంట్

విజయనగరంలో ఫిజియోథెరపిస్టుని. నాగావళి గారు చెప్పిన వరుసే సరైన వరుస.

మీ అత్తగారి మాటకి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ ఆశ ప్రతి ఇంట్లోనూ కనబడుతుంది. కండరాన్ని లాగితే అది తిరిగి బిగుసుకోవడం వెన్నుపాము సొంతంగా చేసే పని, దానికి మెదడు అక్కర్లేదు. మెదడు పని దాన్ని అదుపులో పెట్టడం. దెబ్బ తగిలిన చోట ఆ అదుపు తెగిపోతుంది. మొదటి వారాల్లో కింది భాగం షాక్‌లో ఉంటుంది కాబట్టి కాళ్ళు మెత్తగా ఉంటాయి. షాక్ తీరాక వెన్నుపాము మళ్ళీ పనిలోకి దిగుతుంది, కానీ ఆపేవాళ్ళు లేరు. అందుకని చిన్న కదలికకే కాలంతా ముడుచుకుంటుంది, లేదా నిటారుగా బిగుస్తుంది. కాబట్టి బిగువు వచ్చినంత మాత్రాన నరం అతుక్కుంటోందని కాదు. ఆయన తన ఇష్టంతో బొటనవేలు కదపగలిగితే అది వేరే సంగతి, అలాంటిదుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

పూస దెబ్బ బాగా కిందికి, అంటే నడుము పూసల దగ్గర తగిలితే ఈ బిగువు రాకపోవచ్చు. అక్కడ వెన్నుపాము అయిపోయి నరాల కట్ట మొదలవుతుంది. పక్కింటాయనకి రాలేదు, మనకెందుకొచ్చింది అని పోల్చుకోవద్దు.

మడమ టకటకా కొట్టుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. పాదం ముందుభాగాన్ని కింద నుంచి పైకి నెట్టకండి, అలా నెడితే ఇంకా ఎక్కువవుతుంది. మడమ పూర్తిగా ఆనేలా పాదాన్ని ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, మోకాలి మీద అరచెయ్యి వేసి నిలువుగా కిందికి అదిమి పట్టండి, వదిలి వదిలి కాదు. కాసేపట్లో ఆగుతుంది. ఆయన చేతులు బాగున్నాయి కాబట్టి తన మోచేతులే మోకాళ్ళ మీద ఆనించి ముందుకి వాలితే చాలు, ఆయనే ఆపుకోగలరు.

సోంపేట_కోడలు

ఇద్దరికీ చాలా థాంక్సండీ. అన్నీ చూశాను. గొట్టం తీసేశారు, నేనే ఆరేసి గంటలకి ఒకసారి సన్న గొట్టంతో తీస్తున్నాను. రాత్రి పదింటికి తీస్తే మళ్ళీ పొద్దున ఆరింటికే. ఇవాళ కొలిస్తే పొద్దుటిది 800 మి.లీ. ఉంది. మడ్డిగానే ఉంది, వాసన కూడా వస్తోంది. జ్వరం లేదు. ఎడమ కాలి బొటనవేలి గోరు పక్కన ఎర్రగా వాచి, నొక్కితే చుక్క చీము వచ్చింది. రోజూ సాక్సు వేసేది నేనే, సాక్సు కింద ఇంత ఉందని ఎలా తెలుస్తుంది! రెండు కాళ్ళూ ఒకే లావులో ఉన్నాయి. చర్మం బాగుంది.

నాగావళి_చక్రం

అమ్మా, చూశారు కాబట్టే దొరికింది. రెండు కారణాలు చేతికి చిక్కాయి.

ఒక్కసారికి 500 మి.లీ. దాటకుండా చూసుకోవాలని మాకు నేర్పారు. 800 అంటే మూత్రసంచి సాగిపోతోందని. అంతసేపు నిలవున్న మూత్రంలో ఇన్‌ఫెక్షను తొందరగా వస్తుంది. రాత్రిపూట ఎక్కువ రావడానికి కారణముంది. పగలంతా కుర్చీలో కూర్చుంటే నీరు కాళ్ళలోకి దిగుతుంది. పడుకోగానే ఆ నీరంతా రక్తంలో కలిసి మూత్రంగా వస్తుంది. అందుకని సాయంత్రం ఒక గంట కాళ్ళు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి, ఆ తర్వాత పడుకునే ముందు మూత్రం తియ్యండి. రాత్రి మధ్యలో ఒకసారి లేవక తప్పదు. మొత్తం మీద తాగే నీళ్ళు మాత్రం తగ్గించకండి, పగటి వంతు పెంచి రాత్రి వంతు తగ్గించండి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే యూరిన్ కల్చర్‌కి, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకి ఇవ్వండి. గొట్టం వాడేవాళ్ళకి మూత్రం కాస్త మడ్డిగా ఉన్నంతనే మందు అక్కర్లేదు. కానీ బిగువు పెరగడం మా లాంటివాళ్ళలో ఇన్‌ఫెక్షనుకి ఒక గుర్తు, ఆ మాట డాక్టరుకి గట్టిగా చెప్పండి. జ్వరం లేదు కదా అని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు.

కవిటి_తీరం

చెల్లెమ్మా, నీది సోంపేట అన్నావు కాబట్టి ఒక మాట. బాక్లోఫెన్‌లో ఎక్కువ భాగం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి నీకు చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, ఎక్కడ చూసినా ఇంటికొకరు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కాగితం పట్టుకుని తిరిగేవాళ్ళే. చాలామందికి కిడ్నీలు దెబ్బతిన్నా మొదట్లో ఏమీ తెలియదు. అలాంటి మనిషికి మామూలు డోసు బాక్లోఫెన్ ఇచ్చినా ఒంట్లో పేరుకుపోతుంది. మత్తుగా పడుకోవడం, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఒక్కోసారి కోమా దాకా వెళ్తుంది.

మా బావగారి విషయంలో ఇదే జరిగింది. బిళ్ళ పెంచాక రెండో రోజు నుంచి లేవడం మానేశారు. పక్షవాతం అనుకుని స్కాను తీయించాం, ఏమీ లేదు. చివరికి క్రియాటినిన్ చూస్తే అసలు సంగతి బయటపడింది. అందుకని డోసు పెంచడం గురించి ఆలోచించే ముందు క్రియాటినిన్ టెస్టు చేయించు, పెద్ద ఖర్చు కాదు. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే.

ఆ నొప్పి ఇంజెక్షను మాత్రం వద్దు. డైక్లోఫెనాక్ లాంటివి ఈ బిగువుకి మందు కాదు, పైగా కిడ్నీకి చేటు. మన ప్రాంతంలో ప్రతిదానికీ ఆ సూది పొడిపించుకోవడం చూస్తే నాకు భయమేస్తుంది.

రాజాం_మావ

మావోడికీ ఇదే బాధ. తాటిసెట్టు మీంచి పడ్డాడు, డి8. మా ఊర్లో ఒకాయన వావిలాకు కాపడం పెట్టండి, నరాలు వొదులౌతాయన్నాడు. మా వొదిన పెట్టింది. ఆడికి తెలీదు గదండీ, సుర్రుమన్నా కదల్లేడు. తొడ మీద తోలు బొబ్బలెక్కిపోయింది. ఆ పుండు మానేదాకా కాళ్ళు ఎగిరెగిరి పడ్డాయి. బిగుసు తగ్గుతాదని పెట్టిన కాపడమే బిగుసు పెంచేసింది. స్పర్శ లేని సోట ఇసక మూట, యేన్నీళ్ళ సంచి, ఇటకరాయి కాపడం ఏదీ వొద్దు. అందరికీ సెప్పండి.

సలికాలం కూడా ఎక్కువౌద్ది. దనుర్మాసంలో తెల్లారగట్ల మావోడి కాళ్ళు కర్రల్లా ఉంటాయి. రగ్గు కప్పి, మేజోళ్ళేసి, ఎండెక్కాక లేపుతాం. నూని రాసి మెల్లగా నిమిరితే ఆడికి హాయిగా ఉంటాదంటాడు, కాపోతే గట్టిగా పిసక్కూడదంట.

ఫిజియో_కంటోన్మెంట్

రాజాం మావగారి మాట మా క్లినిక్కు గోడ మీద రాసి పెట్టాల్సింది. కాపడం పుళ్ళతో వచ్చేవాళ్ళు మాకు కొత్త కాదు.

ఇక రోజూ చెయ్యాల్సిన సాగదీత గురించి. దీనిలో ముఖ్యం నెమ్మదితనం. బిగుసుకున్న కాలిని వేగంగా లాగితే కండరం అంతకంటే వేగంగా ఎదురు తిరుగుతుంది, అదే దాని గుణం. మెల్లగా చాపుతూ, అడ్డం తగిలిన చోట ఆగి, అక్కడే పట్టి ఉంచాలి. కాసేపటికి మీ చేతికింద అది వదులవడం తెలుస్తుంది. అప్పుడు మరి కాస్త. అర నిమిషంలో వదిలేస్తే లాభం తక్కువ, కనీసం ఒక నిమిషం ఓపిక పట్టండి.

సోంపేట చెల్లెలికి నా మొదటి సలహా బోర్లా పడుకోబెట్టడం. రోజంతా కుర్చీలో కూర్చున్నవాళ్ళకి తుంటి ముందు కండరం, మోకాలి వెనక కండరం కుదించుకుపోతాయి. రాత్రి కాళ్ళు కడుపులోకి ముడుచుకోవడానికి అది కూడా తోడవుతుంది. విశాఖ సర్జనుగారిని ఒకసారి ఫోనులో అడిగి, సరేనంటే బోర్లా వేసి, ఛాతీ కింద పలుచటి దిండు, పాదాలు పరుపు అంచు దాటి వేలాడేలా పెట్టండి. మొదట పదిహేను నిమిషాలు, అలవాటయ్యాక అరగంట. తర్వాత చర్మం చూసుకోండి. పిక్క కండరానికి, అంటే పాదాన్ని పైకి వంచే సాగదీత, మోకాలు చాపి ఒకసారి, వంచి ఒకసారి చెయ్యాలి. తొడల్ని పక్కలకి విడదియ్యడం మరవద్దు. తొడలు దగ్గరికి బిగుసుకుపోతే మూత్రం తియ్యడం, కడగడం రెండూ కష్టమైపోతాయి, అక్కడే పుండు పడుతుంది.

బలం మాత్రం వాడకండి. నిలబడకుండా ఉన్న కాళ్ళలో ఎముక పలచబడుతుంది, తోస్తే తొడ ఎముక విరిగిన సందర్భాలున్నాయి. తుంటి దగ్గరో మోకాలి దగ్గరో వేడిగా వాచి, రోజురోజుకీ వంగడం తగ్గుతుంటే కండలో ఎముక పెరుగుతూ ఉండొచ్చు. సాగదీత ఆపి డాక్టరుకి చూపించాలి.

కుర్చీలోకి మార్చేటప్పుడు నిటారుగా బిగుసుకుంటే వెనక్కి లాగకండి. ఆయన్ని ముందుకి వంచి, తుంటి దగ్గరా మోకాలి దగ్గరా మడతపడేలా చేస్తే ఆ బిగువు విరుగుతుంది. మంచం అంచున కూర్చోబెట్టాక వెంటనే ఎత్తకండి. ఒకటి రెండు బిగువులు వచ్చి పోనిచ్చి అప్పుడు మార్చండి.

బొబ్బిలి_అక్క

నేను మా తమ్ముణ్ణి చూసుకుంటున్నాను, మెడ దెబ్బ, సి6. ఇక్కడ చదివేవాళ్ళలో మెడ దెబ్బ ఉన్నవాళ్ళు, డి6, అంతకంటే పై దెబ్బ ఉన్నవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. మీ ఇంట్లో బిగువుతోపాటు తలపోటు వస్తే అది మామూలు బిగువు కాదు.

మావాడికి ఒక మధ్యాహ్నం కాళ్ళు ఆడటం మొదలైంది. తల పగిలిపోతోందన్నాడు. మొహం, మెడ ఎర్రగా అయిపోయి నుదుటి మీద చెమటలు, కింద చేతులు కాళ్ళు చల్లగా. బీపీ చూస్తే 160. వాడి మామూలు బీపీ 95. వీళ్ళకి మామూలుగానే బీపీ తక్కువ కాబట్టి ఇంకొకరికి పర్వాలేదనిపించే 130 కూడా వీళ్ళకి ప్రమాదమే. దగ్గర్లో క్లినిక్కుకి తీసుకెళ్తే పడుకోబెట్టి బీపీ బిళ్ళ పెట్టబోయారు, గొట్టం ఎవరూ చూడలేదు. నేను దుప్పటి తీసి చూస్తే యూరిన్ గొట్టం తొడ కింద మెలికపడి ఉంది, గొట్టానికి తగిలించిన సంచిలో చుక్క లేదు. మెలిక తియ్యగానే సంచి నిండుతూ వచ్చింది, తలపోటు తగ్గింది, బీపీ దిగింది.

ఇది వచ్చినప్పుడు పడుకోబెట్టకూడదు. కూర్చోబెట్టి కాళ్ళు కిందికి వేలాడదియ్యాలి, బట్టలు, బెల్టు, సంచి పట్టీ వదులు చెయ్యాలి, గొట్టం మెలిక చూడాలి, గొట్టం లేకపోతే వెంటనే మూత్రం తియ్యాలి. అయినా తగ్గకపోతే మోషన్ గట్టిపడి ఉండొచ్చు. రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తూ 108కి ఫోను చెయ్యండి. ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈ జబ్బు పేరు ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా. ఈ పేరు, ఏం చెయ్యాలో రెండు ముక్కలు కాగితం మీద రాసి మావాడి జేబులో పెట్టాను. సోంపేట చెల్లీ, మీ ఆయనది డి10 కాబట్టి ఇది వచ్చే అవకాశం చాలా తక్కువ, కంగారుపడకు.

ఇచ్ఛాపురం_స్టేషన్‌రోడ్

బిళ్ళ ఆపెయ్ అన్న అత్తగారికి నేను చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది గుర్తుందా? చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, మందుల షాపులు తెరవలేదు. మా చిన్నాన్నకి బాక్లోఫెన్ అప్పుడే అయిపోయింది. మొదట కాళ్ళు విపరీతంగా బిగుసుకున్నాయి. తర్వాత ఒళ్ళు కాలిపోయే జ్వరం. గదిలో ఎవరెవరో ఉన్నారంటూ కేకలు, ఆ మర్నాడు ఫిట్స్. ట్రాక్టరు మీద బరంపురం తీసుకెళ్తే అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఏ బిళ్ళ ఆపారు అని.

బాక్లోఫెన్ ఎప్పుడూ ఉన్నపళంగా ఆపకూడదు. ఆపాల్సి వస్తే డాక్టరు చెప్పిన లెక్కన వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి. అప్పట్నుంచి మా ఇంట్లో కనీసం పదిహేను రోజుల బిళ్ళలు అదనంగా ఉంటాయి. తుపాను కబురు రాగానే అందరూ కొవ్వొత్తులు కొంటారు, మేము ముందు ఆ స్ట్రిప్పులు లెక్కపెడతాం.

గజపతినగరం_ఫార్మసీ

మందుల షాపు నడుపుతున్నాను, ఒక ముఖ్యమైన విషయం. బాక్లోఫెన్ పడనివాళ్ళకి టిజానిడిన్ రాస్తారు. అది వాడేవాళ్ళకి మూత్రంలో ఇన్‌ఫెక్షనని సిప్రోఫ్లాక్సాసిన్ ఇవ్వకూడదు. సిప్రో వల్ల టిజానిడిన్ కాలేయంలో విరగకుండా రక్తంలో ఎన్నో రెట్లు పెరిగిపోతుంది, బీపీ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. యూరిన్ ఇన్‌ఫెక్షను అనగానే సిప్రో చేతిలో పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, బిగువుకి మందు వాడేవాళ్ళకే ఆ ఇన్‌ఫెక్షను ఎక్కువ వస్తుంది. అందుకే ఈ రెండూ ఒకే చీటీలో కలుసుకునే ప్రమాదం మిగతావాళ్ళకంటే మనవాళ్ళకే ఎక్కువ. ఏ షాపుకి వెళ్ళినా వాడుతున్న బిళ్ళలన్నీ చూపించండి. టిజానిడిన్ వాడితే లివరు టెస్టు కూడా అప్పుడప్పుడూ చేయించాలి.

పాలకొండ_శీను

నాది డి4. ఇక్కడ అందరూ జాగ్రత్తలే చెబుతున్నారు, నాకు అసలు బిగువే వద్దు. బోటాక్స్ అంటారు, పొట్టలో పెట్టే పంపు అంటారు. అవి చేయించుకుంటే పూర్తిగా పోతుందా? బాక్లోఫెన్ రోజుకి 60 మి.గ్రా. వేసుకుంటున్నాను, పగలంతా నిద్రమత్తు.

ఫిజియో_కంటోన్మెంట్

శీనుగారూ, బోటాక్స్ కొన్ని కండరాలకే. మడమ ఎత్తిపోవడం, తొడలు దగ్గరికి బిగుసుకోవడం లాంటి ఫలానా ఇబ్బంది ఉంటే ఆ కండరంలోనే సూది వేస్తారు. వారం పదిరోజుల్లో పనిచెయ్యడం మొదలై మూడు నెలల చిల్లర ఉంటుంది, తర్వాత మళ్ళీ వేయించుకోవాలి. ఆ మూడు నెలలూ సాగదీత బాగా చేస్తేనే పెట్టిన డబ్బుకి ఫలితం. కొన్ని నరాలకి ఫీనాల్ సూది కూడా ఇస్తారు, దాని ఖర్చు తక్కువ. రెండు కాళ్ళూ నడుమూ మొత్తం బిగుసుకుపోయే మీలాంటివాళ్ళకి సూదులతో తీరదు.

పంపు సంగతి వేరు. పొట్ట చర్మం కింద పంపు, అక్కణ్ణుంచి వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి సన్న గొట్టం. మందు నేరుగా అక్కడికే చేరుతుంది కాబట్టి మిల్లీగ్రాములు కాదు, మైక్రోగ్రాములు సరిపోతాయి, మత్తు చాలా తగ్గుతుంది. ముందు నడుములో ఒక సూదితో మందు ఇచ్చి పనిచేస్తుందో లేదో చూస్తారు, పనిచేస్తేనే పంపు. ఖర్చు లక్షల్లో. కొన్ని నెలలకోసారి మందు నింపించుకోవాలి, బ్యాటరీ అయిపోతే పంపు మార్చాలి. నింపడం తప్పితే ఇచ్ఛాపురం ఆయన చెప్పిన జ్వరం, ఫిట్స్ ఇంకా తీవ్రంగా వస్తాయి. నింపే చోటు పాలకొండకి ఎంత దూరమో తేల్చుకున్నాకే నిర్ణయం తీసుకోండి. నా అభిప్రాయం ఇది, డాక్టరు మాట ఇంకోలా ఉండొచ్చు.

నాగావళి_చక్రం

తమ్ముడూ శీనూ, బిగువు పూర్తిగా పోవాలని కోరుకోకు. నేను మంచం అంచున కూర్చుని తొడ మీద ఒక చరుపు చరిస్తే కాళ్ళు నిటారుగా బిగుస్తాయి. ఆ క్షణంలో కడ్డీ పట్టుకుని లేచి ప్యాంటు పైకి లాక్కుంటాను. ఒకసారి డోసు ఎక్కువై కాళ్ళు పూర్తిగా మెత్తబడ్డాయి. ఆ నెలంతా బాత్రూముకి వెళ్ళాలంటే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చారు. కండ కరగకుండా కాస్తయినా నిలబెట్టేది కూడా ఈ బిగువే. నీ నిద్ర చెడగొడుతున్నదీ, కుర్చీలోంచి పడేస్తున్నదీ, పుండు చేస్తున్నదీ ఏదో అది తగ్గించుకో. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా బిగువు తగ్గించండి అనకు. రాత్రి నిద్రపోవాలి, కుర్చీలో రెండు గంటలు జారకుండా కూర్చోవాలి, ఇలా ఏం కావాలో చెప్పు. వాళ్ళకి డోసు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

పాలకొండ_శీను

అన్నా, నాకు మాత్రం అది ఉండటం వల్ల మేలేమీ కనబడలేదు. రాత్రంతా మెలకువే. అయినా నిద్ర గురించి చెప్పమన్నావు కదా, ఈసారి అలాగే చెప్తాను. డి4 అంటే బొబ్బిలి అక్క చెప్పినది నాకూ వర్తిస్తుందన్నమాట. ఆ కాగితం నేనూ రాసి పెట్టుకుంటాను.

సోంపేట_కోడలు

అందరికీ ఒకసారి చెప్పి వెళ్దామని వచ్చాను. గోరు పక్క చీము తీసి కట్టు కట్టారు. కల్చర్ రిపోర్టు వచ్చాక దానికి సరిపడే మందు ఇచ్చారు. రాత్రి రెండింటికి లేచి ఒకసారి మూత్రం తీస్తున్నాను, పొద్దున 400 దాటడం లేదు. బాక్లోఫెన్ పెంచలేదు, ఆపలేదు. బిగువు ముందున్నంతకి దిగిపోయింది. బోర్లా పడుకోబెట్టడం మొదట విసుక్కున్నారు, ఇప్పుడు ఫోను చూసుకుంటూ ఆయనే ఇంకాసేపు అంటున్నారు.

క్రియాటినిన్ 1.6 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువే. కవిటి అన్నయ్యా, మీరు చెప్పకపోతే చేయించేదాన్ని కాదు. విశాఖ డాక్టరుగారు ఫోనులో విని, బిళ్ళ పెంచే మాటే వద్దు, వీలైతే తగ్గిద్దాం, ముందు కిడ్నీ డాక్టరుకి చూపించండి అన్నారు. ఇంకొకటి అడగాలి. ఇలాంటివాళ్ళని కొన్నాళ్ళు ఉంచుకుని కుర్చీ, మూత్రం, సాగదీత అన్నీ నేర్పే చోటు మనకి దగ్గర్లో ఎక్కడుంది?

కవిటి_తీరం

మన వైపు నుంచి రైల్లో సుఖంగా వెళ్ళగలిగేది కటక్ దగ్గర ఓలట్‌పూర్. కేంద్ర ప్రభుత్వ సంస్థ, స్వామి వివేకానంద పేరు మీద ఉన్న పునరావాస సంస్థ అని అడిగితే చెప్తారు. దిగాల్సింది కటక్‌లో. దక్షిణానికి వెళ్ళగలిగితే వెల్లూరు సీఎంసీ. అక్కడ ఈ విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసిన మనిషి. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. మీ ఆయనకి ఆవిడ గురించి చెప్పు చెల్లెమ్మా.

రైలు రాయితీ ఉంది. తోడు లేకుండా ప్రయాణించలేని వికలాంగులకి స్లీపరులో, థర్డ్ ఏసీలో టికెట్టు నాలుగోవంతే, తోడు వెళ్ళేవాళ్ళకీ అంతే. దానికి రైల్వే ఇచ్చే రాయితీ కార్డు ముందుగా తీసుకోవాలి.

ఫిజియో_కంటోన్మెంట్

వెళ్ళేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్ఐ సీడీ, కల్చర్, క్రియాటినిన్ రిపోర్టులు, ఏ బిళ్ళ ఎప్పుడు ఎంత పెంచారో తేదీలతో రాసిన కాగితం తీసుకెళ్ళండి. ఇంకొకటి, రాత్రి కాళ్ళు ముడుచుకుంటున్నప్పుడు, కుర్చీలోకి మార్చేటప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. ఓపీలో డాక్టరు ముందు కూర్చున్న ఆ పది నిమిషాల్లో బిగువు అసలు రాకపోవచ్చు. రైల్లో కూడా వేళ తప్పకుండా మూత్రం తియ్యండి, గొట్టాలు, జెల్లీ, చేతులు శుభ్రం చేసుకునే లిక్విడ్, రెండు పూటల బిళ్ళలు చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో కాదు.

సోంపేట_కోడలు

అలాగేనండీ. వీడియో ఇవాళ రాత్రే తీస్తాను. శీనుగారూ, మీరూ ఓలట్‌పూర్ వెళ్ళే ఆలోచనలో ఉంటే చెప్పండి, మావాళ్ళతో కలిసి ఒకే రైల్లో బుక్ చేద్దాం.